మారిషస్ ప్లాన్: రెండు గెల కోతల మధ్య ఏడు రోజులు

కామెంట్స్‌లో చాలామంది మారిషస్ గురించి వీడియో చెయ్యమని అడుగుతున్నారు. ముందే చెప్పేస్తున్నా, నేనింకా వెళ్ళలేదు. నవంబర్‌లో అమ్మానాన్నలతో వెళ్తున్నా. కాబట్టి ఇది ట్రావెల్ వ్లాగ్ కాదు. ప్లాన్ ఎలా వేశాను, ఎక్కడ దెబ్బతిన్నాను, ఇవే చెప్తా.

మాది కామవరపుకోట. నాన్నది పామాయిల్ తోట. సెలవు అనేది మా ఇంట్లో లేని మాట. నేను జాబ్ మానేసి వీడియోలు మొదలుపెట్టాక కొంచెం డబ్బు కూడింది. "నాన్నా, మారిషస్ వెళ్దాం" అన్నా. ఆయన నవ్వేసి, "ఏరా, సముద్రం చూడాలంటే పేరుపాలెం లేదా? నాలుగు లక్షలు తగలేసి అంత దూరం దేనికి?" అన్నారు.

నా దగ్గర సమాధానం లేదు. "బీచ్ బాగుంటుంది నాన్నా" అన్నా. అది సమాధానం కాదని నాకూ తెలుసు.

ముందు నా తప్పు చెప్తా. ఒక ఏజెంట్ దగ్గర ప్యాకేజీ చూశా. ఫోటోలు సూపర్. "ఈ రాత్రికే ఆఫర్ అయిపోతుంది" అన్నాడు. ఇరవై వేలు ఫోన్‌లో కొట్టేశా. తర్వాత కూర్చుని పేపర్ చదివితే హోటల్ పేరు లేదు, "లేదా అలాంటిదే" అని ఉంది. భోజనం లేదు. తేదీలు జనవరిలో. మారిషస్ దక్షిణార్ధగోళంలో ఉంది. మనకి చలికాలం అంటే వాళ్ళకి ఎండలు, వానలు. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా తుపాన్ల సీజన్, జనవరి, ఫిబ్రవరి నెలల్లో ముప్పు ఎక్కువ. అందుకే చవక! క్యాన్సిల్ చేస్తే అడ్వాన్స్ వెనక్కి రాదన్నారు. రాలేదు. సాఫ్ట్‌వేర్‌లో ఐదేళ్ళు పనిచేసినవాడిని, షరతులు చదవకుండా డబ్బు కట్టా. మీరు మాత్రం హోటల్ పేరు, క్యాన్సిలేషన్ రూల్ రాతలో చూసేదాకా రూపాయి కట్టకండి.

ఆ డబ్బు పోయాక నాన్న ప్రశ్న మళ్ళీ గుర్తొచ్చింది. అంత దూరం దేనికి? అప్పుడు చదవడం మొదలుపెట్టా.

ఫ్రెండ్స్, మారిషస్‌లో ఉగాదికి పబ్లిక్ హాలిడే ఉంది. మన ఉగాదే! 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. 1947 నుంచి అక్కడ ఆంధ్ర మహాసభ ఉంది. రామభజనలు చేస్తారు, అమ్మోరి పండగ చేస్తారు, సింహాద్రి అప్పన్నకి పూజలు చేస్తారు. ఇంట్లో మాట్లాడేది ఎక్కువగా క్రియోల్, పిల్లలు స్కూల్లో తెలుగు నేర్చుకుంటారు. నతాషా అప్పన్న అని ఫ్రెంచిలో రాసే పేరున్న నవలా రచయిత్రి ఉన్నారు, ఆవిడది ఇలా వెళ్ళిన తెలుగువాళ్ళ వంశమే.

వీళ్ళు అక్కడికి ఎలా వెళ్ళారు? బ్రిటిష్ వాళ్ళు బానిసత్వం రద్దు చేశాక చెరకు తోటల్లో పనికి మనుషులు కావాల్సి వచ్చింది. 1834 నవంబర్ 2న అట్లాస్ అనే ఓడలో మన దేశం నుంచి 36 మంది కూలీలు దిగారు. ఆ తర్వాత 1920 వరకు దాదాపు ఐదు లక్షల మంది వెళ్ళారు. కాగితం మీద వేలిముద్ర, ఐదేళ్ళ కాంట్రాక్ట్. అక్కడ రాళ్ళు ఎత్తితే కింద బంగారం దొరుకుతుందని చెప్పి తీసుకెళ్ళారని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. నాకు ఆ ప్యాకేజీ ఫోటోలు గుర్తొచ్చాయి. నాకు పోయింది ఇరవై వేలు. వాళ్ళలో చాలామందికి ఊరే పోయింది.

తెలుగువాళ్ళని అక్కడ 'కొరంగీలు' అనేవారు. ఎందుకో తెలుసా? కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కారు కాబట్టి. 1839 తుపానులో దెబ్బతిన్న రేవు అది. ఇప్పుడు మనం మడ అడవుల్లో బోటు షికారుకి వెళ్తామే, ఆ కోరంగే.

ఇది నాన్నకి చెప్పా. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా తాత తమ్ముడు రంగం వెళ్ళాడు రా, మళ్ళీ రాలేదు" అన్నారు. రంగం అంటే రంగూన్, బర్మా. మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్ళల్లో ఇలాంటి మనిషి ఒకరు ఉంటారు. "రంగం ఎలాగూ చూళ్ళేదు, ఇదైనా చూద్దాం, ఎప్పుడెళ్దాం?" అన్నారు. అంతే, ఓకే అయిపోయింది.

ఇక ప్లాన్. మొదటిది తేదీలు. పామాయిల్ గెలలు పది, పదిహేను రోజులకోసారి కొయ్యాలి. రెండు కోతల మధ్య ఏడు రోజులు కుదురుతుంది. నవంబర్ 2 అక్కడ సెలవు, కూలీలు వచ్చిన రోజుగా జరుపుతారు. నవంబర్ మొదట్లో మామూలుగా వానలు తక్కువ, మరీ ఎండా ఉండదు. మూడూ కలిశాయి, ఆ వారం ఫిక్స్.

రెండోది కాగితాలు. మనవాళ్ళకి టూరిస్టుగా ముందే వీసా అక్కర్లేదు. కానీ రిటర్న్ టికెట్, బస బుకింగ్, ఖర్చుకి డబ్బు ఉన్నట్టు చూపించాలి. వెళ్ళేముందు ఆన్‌లైన్‌లో ఒక ఫారం నింపాలి. అమ్మానాన్నలకి పాస్‌పోర్టులే లేవు, ముందు ఆ పని చేశాం. ఆధార్‌లో ఒక స్పెల్లింగ్, బ్యాంకు పుస్తకంలో ఇంకోటి ఉంటే తలనొప్పి, అది ముందే సరి చేసుకోండి.

మూడోది మందులు. ఇది చాలా ముఖ్యం. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, కొన్ని నిద్రమాత్రలు అక్కడ గట్టి నియంత్రణలో ఉన్నాయి. అనుమతి లేకుండా పట్టుకెళ్తే కేసు అవుతుంది. నాన్నకి మోకాళ్ళ నొప్పులు. ఆయన మాత్రల పేర్లన్నీ రాసుకుని డాక్టర్‌కి చూపించా, ప్రిస్క్రిప్షన్ రాయించా. పక్కింటివాళ్ళు ఇచ్చిన మాత్రలు బ్యాగులో వేసుకోకండి. పళ్ళు, మొక్కలు, విత్తనాలు కూడా వద్దు.

నాలుగోది డబ్బు. నాలుగు లక్షలు దాటకూడదని గీత గీసుకున్నా, ఈఎంఐ లేదు. వాళ్ళ రూపాయి మన రూపాయిన్నర పైనే ఉంటుంది, ధర చూసినప్పుడు గుణించుకోండి. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడ యూపీఐ మొదలైంది. కానీ యాప్‌లో ఇంటర్నేషనల్ ఆన్ చేసుకోవాలి, అన్ని షాపుల్లోనూ నడవదు. నగదు కొంత ఉంచుకోండి. రిసార్ట్ బదులు పడమటి తీరంలో ఫ్లిక్ అన్ ఫ్లాక్ దగ్గర వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నా. అమ్మ అన్నం వండుకుంటుంది, మాకు సగం ఖర్చు తగ్గుతుంది.

గన్నవరం నుంచి ముంబై, అక్కడి నుంచి మారిషస్. టైం మనకంటే గంటన్నర వెనక. మొదటి రోజు రెస్ట్. ఒక రోజు రాజధాని పోర్ట్ లూయిస్. అక్కడ ధోల్ పూరీ తినాలి, మన బొబ్బట్టులో బెల్లం తీసేసి కూర పెట్టినట్టు ఉంటుందట. ఒక రోజు అమ్మ కోసం గంగా తలావ్ సరస్సు, అదే దారిలో చమరెల్ రంగుల నేల. ఒక రోజు ఇల్ ఓ సెర్ఫ్ దీవి. ఒక రోజు ఏమీ చెయ్యకుండా బీచ్. పెద్దవాళ్ళతో వెళ్తే రోజుకి ఒక్క చోటే పెట్టుకోండి, ప్లీజ్.

నవంబర్ 2 మాత్రం ఆప్రవాసి ఘాట్‌కి. ఓడ దిగిన కూలీలు ఎక్కిన మెట్లు అక్కడ ఇంకా ఉన్నాయి. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. కూలీల రికార్డులు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, చూడొచ్చా అని మెయిల్ పెట్టా. జవాబు వస్తే చెప్తా.

నిన్న నాన్న అడిగారు, "ఆ మెట్ల దగ్గర చెప్పులు విప్పాలా?" అని. గుడి కాదు నాన్నా, అక్కర్లేదన్నా. "నేను విప్పుతాలే" అన్నారు.

వచ్చాక అసలు ఖర్చు లెక్క పూర్తిగా పెడతా. ఈలోగా మీ ఇంట్లో రంగం వెళ్ళినవాళ్ళో, మారిషస్ వెళ్ళినవాళ్ళో ఉంటే వాళ్ళ కథ కామెంట్‌లో రాయండి. ఉంటాను మరి, బై.