అచ్చియున్నది ఎంత?

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 24:10–13, సామెతలు 18:17, కొలొస్సయులకు 2:13–14

  

అప్పును గురించి అనేక ప్రసంగాలు విని ఉంటారు. అయితే ఈ దినము మనము ధ్యానించబోయేది కొంచెం వేరైన సంగతి. మీరు ఒప్పుకోని అప్పును మీ పేరు మీద వ్రాసి, ఆ కాగితాన్ని మీరు ఎన్నడూ చూడని మనిషికి అమ్మివేస్తే, ఆ మనిషి మీ గుమ్మం ముందు నిలబడితే, దేవుని బిడ్డ ఏమి చేయాలి?

మా సంఘంలో ఒక తల్లి ఉన్నది. విధవరాలు. ఒక్కగానొక్క కుమారుని కష్టపడి చదివించి అమెరికా పంపింది. అతడు డాలస్‌లో ఎం.ఎస్. ముగించి ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఒక శుక్రవారము ఉపవాస ప్రార్థన అయిన తరువాత ఆమె అందరూ వెళ్లేవరకు ఆగి, "అయ్యగారూ, బాబును అక్కడ జైల్లో పెడతారంట" అని ఏడ్చింది. సంగతేమంటే, ఎవరో ఆమెకే ఫోను చేసి, నీ కొడుకు ఫోను కంపెనీకి 1,140 డాలర్లు బాకీ ఉన్నాడు, కట్టకపోతే పోలీసులు వస్తారు అని బెదిరించారు. మన లెక్కలో సుమారు లక్ష రూపాయలు. ఆమె తన పెండ్లినాటి గొలుసు అమ్మాలని నిశ్చయించుకొని, ఒక్క ప్రార్థన చేయమని నా యొద్దకు వచ్చింది.

ప్రియులారా, ఆ రాత్రి నేను ఏమి చెప్పానో దాచకుండా మీకు చెప్పాలి. "కట్టేయండమ్మా, మనకు గొడవలెందుకు? విశ్వాసులము, సమాధానముగా ఉండాలి" అన్నాను. ప్రార్థన చేసి పంపించాను. ఆ కుమారుడు నిజముగా బాకీ ఉన్నాడో లేడో ఒక్క మాట అడగలేదు. భయానికి నేను సమాధానము అని పేరు పెట్టాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సామెతలు 18:17 నా మనస్సులో మెదులుతూనే ఉన్నది. వ్యాజ్యములో ముందుగా మాట్లాడినవాని మాట న్యాయముగానే కనబడుతుంది, ఎదుటివాడు వచ్చి విచారించే వరకే అని ఆ వచనము మనకు బోధిస్తున్నది. నేను మొదటివాని మాట మాత్రమే విన్నాను. రెండవవానిని అడగనే లేదు. ఉదయమే ఆమె ఇంటికి వెళ్లి, "అమ్మా, గొలుసు అమ్మవద్దు. ముందు బాబుతో మాట్లాడదాము" అన్నాను.

అతడు జరిగినదంతా చెప్పాడు. కంపెనీ మారేటప్పుడు, వాయిదాల మీద తీసుకున్న ఫోనును వారు చెప్పిన ప్రకారమే పెట్టెలో పెట్టి తిరిగి పంపించాడట. కంపెనీ వారేమో ఫోను చేరలేదని 880 డాలర్లు వేశారు. తర్వాత అతడు ఇల్లు మారాడు. ఉత్తరాలు పాత ఇంటికి పోయాయి. కొంతకాలానికి కంపెనీ ఆ బాకీని వసూలు సంస్థకు అమ్మివేసింది. తల్లి నంబరు అత్యవసర నంబరుగా ఇచ్చి ఉండటం వల్ల వారు ఆమెకు ఫోను చేశారు.

అప్పును అమ్మడమా అని మీకు ఆశ్చర్యముగా ఉండవచ్చు. అమెరికాలో అదొక పెద్ద వ్యాపారము. అక్కడి ప్రభుత్వ సంస్థయైన ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2013లో దీనిపై ఒక నివేదిక ప్రచురించింది. అప్పులు కొనే సంస్థలు ఒక్కొక్క డాలరు బాకీకి సగటున 4 సెంట్లు మాత్రమే చెల్లించాయని అందులో ఉన్నది. ఆ లెక్కన 1,140 డాలర్ల బాకీ 46 డాలర్లకే దొరికినట్లు. కొన్నవానికి చాలాసార్లు అందేది కంప్యూటరులోని ఒక వరుస: పేరు, చిరునామా, మొత్తము. రసీదులు రావు, మధ్యలో జరిగిన తగాదా కథ రాదు. దరిద్రులను చెప్పుల జతకు అమ్మిన ఇశ్రాయేలీయుల మీద ఆమోసు ప్రవక్త ఎందుకు గర్జించాడో ఇక్కడ మనకు అర్థమవుతుంది. ఆమోసు 2:6 చూడండి. మనిషి పేరు సరుకైపోయినప్పుడు, ఆ పేరు వెనుక ఒక తల్లి ఉన్నదని ఎవరికీ కనబడదు.

ఇప్పుడు వాక్యములోనికి వద్దాము. మూడు సంగతులు గమనించండి.

మొదటిది: వసూలు చేసేవానికి దేవుడు గీత గీశాడు.

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో, పొరుగువానికి అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు కోసము అతని ఇంటిలోనికి చొరబడకూడదని, బయటనే నిలిచి ఉండాలని ధర్మశాస్త్రము ఆజ్ఞాపిస్తున్నది. లోపలి నుండి తెచ్చి ఇవ్వవలసినవాడు అప్పు తీసుకున్నవాడే. బీదవాడు కప్పుకొనే వస్త్రమైతే ప్రొద్దు గుంకేలోగా తిరిగి ఇచ్చివేయాలి. ఎంత సున్నితమైన ఆజ్ఞయో చూడండి! అప్పు నిజమే. తాకట్టు న్యాయమే. అయినను ఆ బీదవాని గడప దాటే హక్కు అప్పిచ్చినవానికి లేదు. అప్పుపడినవాడు కూడా దేవుని స్వరూపమందు చేయబడినవాడే.

అమెరికాలో 1977లో చేసిన ఋణ వసూలు చట్టము కూడా ఇటువంటి గీతనే గీసింది. వసూలు సంస్థలు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 9 గంటల తర్వాత ఫోను చేయకూడదు. లేని అరెస్టును చెప్పి బెదిరించకూడదు. పెద్దవాడైన కుమారుని బాకీ సంగతి తల్లికి చెప్పకూడదు. ఆ తల్లికి వచ్చిన ఫోను అక్కడి చట్టము దృష్టిలోనే తప్పు. ఫోను బిల్లు బాకీ ఉన్నంత మాత్రాన ఎవరినీ జైలులో పెట్టరు.

మన యౌవనస్థులలో కొందరు నగరాలలో ఇటువంటి వసూలు ఆఫీసులలోనే పని చేస్తున్నారు. తమ్ముడా, చెల్లెమ్మా, మీతో కూడా ఒక మాట. పన్ను వసూలుదారులు బాప్తిస్మమిచ్చు యోహాను యొద్దకు వచ్చినప్పుడు ఆయన వారిని ఉద్యోగము మానమనలేదు. నిర్ణయించిన దానికంటె ఎక్కువ తీసుకోవద్దన్నాడు. లూకా 3:13. మీరు ఫోనులో మాట్లాడేటప్పుడు గడప బయటనే నిలబడండి.

రెండవది: సాక్ష్యము లేకుండా ఏ మాటా స్థిరపడకూడదు.

ద్వితీయోపదేశకాండము 19:15 ప్రకారము ఒకని మీద నేరము స్థిరపడాలంటే ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలి. కాబట్టి "రుజువు చూపించండి" అని అడగడం విశ్వాసికి తగని పని కాదు. ఫిలిప్పీలో పౌలును విచారణ లేకుండా కొట్టి, మరునాడు రహస్యముగా పంపివేయజూచినప్పుడు ఆయన ఊరకుండలేదు. తాను రోమా పౌరుడనని చెప్పి, అధికారులే వచ్చి తమను బయటికి తీసుకొనిపోవాలన్నాడు. అపొస్తలుల కార్యములు 16:37. చట్టమిచ్చిన రక్షణను వాడుకొనుట అవిశ్వాసము కాదు. మరి కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయము సంగతేమిటని మీరు అడగవచ్చు. అక్కడ పౌలు సహోదరుడు సహోదరుని మీద వ్యాజ్యమాడుటను గద్దించాడు. అబద్ధపు లెక్కకు తల వంచమని చెప్పలేదు.

ఆ కుమారునికి మార్గము ఉన్నది. వసూలు సంస్థ ఉత్తరము అందిన 30 రోజులలోగా ఈ బాకీని నేను ఒప్పుకోను అని వ్రాతపూర్వకముగా తెలియజేస్తే, వారు రుజువు పంపేవరకు వసూలు ఆపాలి. ఫోనులో చెప్పిన మాట చాలదు, కాగితము మీద ఉండాలి. చేరినట్లు రసీదు వచ్చే పోస్టులో పంపాలి, నకలు దాచుకోవాలి. క్రెడిట్ రిపోర్టులో ఆ బాకీ ఎక్కితే, దాన్ని నడిపే సంస్థలకు కూడా వేరుగా ఫిర్యాదు వ్రాయాలి.

మన దేశములో పోస్ట్‌పెయిడ్ బిల్లు తగాదా వచ్చినవారు కూడా వినండి. ముందు కంపెనీకి ఫిర్యాదు చేసి ఆ ఫిర్యాదు నంబరు వ్రాసి పెట్టుకోండి. తీరకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి వ్రాయండి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే మార్గమూ ఉన్నది. ఫోను కంపెనీల మీద ఫిర్యాదులను ఆ కమిషన్లు విచారించవచ్చునని సుప్రీంకోర్టు 2022లో తీర్పు చెప్పింది. సలహా కోసము 1915 నంబరు ఉన్నది. లోక్ అదాలత్ నోటీసు వస్తే వణకవద్దు. అది అరెస్టు వారెంటు కాదు. వెళ్లి మీ మాట చెప్పుకోండి. మరొక సంగతి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము బాకీని కొన్నవాడు అమ్మినవాని స్థానములోనే నిలుస్తాడు. అంటే బాకీతో పాటు దాని మీద ఉన్న తగాదాను కూడా కొన్నట్లే. కంపెనీకి మీరు చెప్పగలిగిన న్యాయమైన జవాబు అతనికి కూడా చెప్పవచ్చు.

అన్నిటికంటె ముఖ్యముగా, దాచుకోవద్దు. 2020 చివరిలో లోన్ యాప్‌ల వేధింపులకు తాళలేక తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. బాకీ కంటె సిగ్గు వారిని ఎక్కువగా నలిపింది. అటువంటి భారముతో ఇది వింటున్నవారెవరైనా ఉంటే, ఈ రాత్రే ఒకరితో చెప్పండి. ఇంటివారితో చెప్పండి, మీ సంఘ కాపరితో చెప్పండి. అతడు నావలె తొందరపడి సలహా చెబితే, మరునాడు మళ్లీ వెళ్లి తలుపు తట్టండి.

మూడవది: నిజముగా అచ్చియున్నది దాచకూడదు.

రుజువు అడిగే హక్కు ఉన్నవానికి నిజము చెప్పే బాధ్యత కూడా ఉన్నది. నేను ఆ కుమారుని, "బాబూ, ఈ 1,140లో నీవు నిజముగా ఇవ్వవలసినది ఏమైనా ఉన్నదా?" అని అడిగాను. కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఉంది అయ్యగారూ. ఆఖరి నెల బిల్లు 92 డాలర్లు. ఇల్లు మారిన హడావిడిలో కట్టలేదు. తర్వాత వాళ్ల మీద కోపంతో కట్టలేదు" అన్నాడు.

ప్రియులారా, మన హృదయము ఎంత మోసకరమైనదో చూడండి! ఎదుటివాడు 880 డాలర్లు తప్పుగా అడిగాడు కాబట్టి నా 92 డాలర్లు కట్టనవసరము లేదనుకుంటాము. వాని పెద్ద తప్పు చాటున మన చిన్న తప్పును దాచుకుంటాము. అప్పు చేసి తీర్చనివానిని కీర్తన 37:21 భక్తిహీనుల వరుసలో నిలబెట్టింది. ఎలీషా కాలములో అప్పులవాడు విధవరాలి ఇద్దరు కుమారులను దాసులుగా తీసుకొనిపోవుటకు వచ్చినప్పుడు దేవుడు నూనెను విస్తరింపజేశాడు. ఆ నూనెతో ఆమెను మొదట ఏమి చేయమన్నాడు ప్రవక్త? అమ్మి అప్పు తీర్చమన్నాడు. మిగిలిన దానితోనే ఆమెయు పిల్లలును బ్రదకాలి. అద్భుతము కూడా న్యాయమైన బాకీని ఎగవేయలేదు.

అతడు రెండు భాగాలుగా ఉత్తరము వ్రాశాడు. 92 డాలర్లు నా బాకీ, ఇవ్వడానికి సిద్ధముగా ఉన్నాను. 880 డాలర్లు నా బాకీ కాదు, ఇదిగో ఫోను తిరిగి చేరినట్లు పోస్టు నంబరు. మిగిలిన 168 డాలర్లు దేనికో వివరించండి. ఆ నంబరు అతని పాత ఈమెయిలులోనే ఉన్నది, భయములో వెదకలేదంతే. వారాలు గడిచాయి. ఒకసారి జవాబు రాలేదు, మరల వ్రాశాడు. చివరకు ఫోను ఖరీదును, ఆ 168 డాలర్లను తీసివేశామని ఉత్తరము వచ్చింది. ఆ దినమే 92 డాలర్లు కట్టి రసీదు తీసుకున్నాడు. గొలుసు తల్లి మెడలోనే ఉన్నది. అయితే ఆమె నాతో చెప్పినది గొలుసును గురించి కాదు. "అయ్యగారూ, బాబు తొంభై రెండు డాలర్ల సంగతి తానే ఒప్పుకున్నాడు కదా, అదే నాకు సంతోషం" అన్నది.

ప్రియ శ్రోతలారా, ఇప్పుడు మరొక బాకీ సంగతి ఆలోచించండి. దేవుని యెదుట మన మీద ఉన్న పత్రములో తప్పుడు లెక్క ఒక్కటీ లేదు. అందులో ఒప్పుకోనని చెప్పదగిన వరుస ఒక్కటీ లేదు. చూపడానికి మన చేతిలో రసీదు లేదు. కొలొస్సయులకు వ్రాస్తూ పౌలు ఏమి ప్రకటిస్తున్నాడు? మనకు విరోధముగా ఉన్న ఆ పత్రమును దేవుడే తుడిచివేసి, దానిని సిలువకు కొట్టి, అడ్డము లేకుండ తీసివేశాడు. ఆయన దానిని వేరొకనికి అమ్మలేదు. తన కుమారుని రక్తముతో తానే తీర్చాడు.

అపవాది మాత్రము ఆ పాత కాగితము నకలు పట్టుకొని మన తలుపు తడుతూనే ఉంటాడు. ఎప్పుడో ఒప్పుకొని విడిచిన పాపమును రాత్రివేళ జ్ఞాపకము చేస్తాడు. సహోదరుల మీద నేరము మోపువాడని ప్రకటన గ్రంథము వానికి పేరు పెట్టింది. వానికి మీ గొలుసు ఇవ్వవద్దు. సిలువను చూపించండి. అయితే ఈ క్షమాపణను సాకుగా పెట్టి మనుష్యుల బాకీ ఎగవేయవద్దు. రక్షణ తన ఇంటికి వచ్చిన దినమున జక్కయ్య తాను అన్యాయముగా తీసుకున్నది నాలుగింతలు ఇచ్చివేస్తానన్నాడు.

ఈ వారములో మీ ఇంటిలో ఉన్న లెక్కలను బయటికి తీయండి. మీరు అచ్చియున్నది ఎంతో, అచ్చియుండనిది ఎంతో దేవుని సన్నిధిలో కాగితము మీద వ్రాయండి. మొదటిది తీర్చండి. రెండవదానికి భయపడకండి.

ప్రార్థించుకుందాము. పరిశుద్ధుడవైన తండ్రీ, మేము తీర్చలేని బాకీని నీ కుమారుని ద్వారా తీర్చినందుకు నీకు వందనములు. బెదిరింపుల క్రింద నలుగుతున్న ప్రతి గృహమును జ్ఞాపకము చేసుకొనుము. నిజము చెప్పే ధైర్యమును, మా తప్పు ఒప్పుకొనే దీనత్వమును మాకు దయచేయుము. అప్పు వసూలు చేయువారికి కనికరమును నేర్పుము. యేసుక్రీస్తు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.