పాత లీజులు మోసే కొత్త రాష్ట్రం మనకొద్దు
(విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



అద్దెకున్నవాళ్లతో సహా ఇల్లు కొంటే, పాత యజమాని రాసిచ్చిన గడువు దాకా కొత్త యజమానీ ఆగాల్సిందే. మైదానంలో అది న్యాయం. అరకు కొండల్లో లెక్క వేరు. ఏజెన్సీలో గిరిజనేతరుడికి భూమిని కౌలుకిచ్చినా 1/70 చట్టం దాన్ని భూబదిలీగానే చూస్తుంది, చెల్లదంటుంది. పుట్టుకతోనే చెల్లని కౌలు యజమాని మారితే చెల్లుతుందా?

మరి ఆ యజమాని సర్కారే అయితే? అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులిచ్చింది సర్కారే. ‘సమత’ సంస్థ కోర్టుకెక్కింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తేల్చేసింది: ఆ చట్టం కింద సర్కారు కూడా ‘వ్యక్తే’. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు అది లీజివ్వరాదు, పాత లీజును రెన్యువల్ చేయరాదు.

అయినా సర్కార్లు మారినా ఫైళ్లు మారవు. 2014లో రాష్ట్రం విడిపోయింది. 2015లో చింతపల్లి బాక్సైటు కోసం 97వ జీవో వచ్చింది. మన్యం తిరగబడింది. 2019లో గానీ అది రద్దు కాలేదు.

రేపు మనకు రాష్ట్రమొస్తే ఫైళ్లతోపాటు పాత లీజులూ వస్తాయి. ‘ముందువాళ్లిచ్చారు, మేమేం చేస్తాం’ అనే సర్కారు కోసమా మనం రోడ్డెక్కింది? చెల్లని లీజుదారుణ్ణి ఖాళీ చేయించి, గిరిజనుడి భూమి గిరిజనుడికే అప్పగించే రాష్ట్రం కావాలి. ఆ మాట మన డిమాండ్లలో ఇప్పుడే రాసుకుందాం.