బరువును తూచు బడి

పిల్లల స్థూలకాయమును బడిలోనే నివారింపవలెనని సింగపూరు ప్రభుత్వము 1992లో ‘ట్రిమ్ అండ్ ఫిట్’ అను కార్యక్రమము నారంభించెను. బరువు మించిన విద్యార్థులను వేరుపరచి, వారిచేత ప్రత్యేక వ్యాయామము చేయించిరి. నూటికి 14గానుండిన అట్టివారి సంఖ్య కొన్ని యేండ్లలో సుమారు 10కి దిగెను. ఈ ఫలితము అల్పమని నేననను. కాని ఆ పేరులోని మొదటి అక్షరములు టి, ఏ, ఎఫ్. వానిని వెనుకనుండి చదివిన ‘ఫ్యాట్’, అనగా లావు! తోడి పిల్లలకు ఇంతకన్న పరిహాసమేమి కావలెను? తక్కినవారు విరామమున ఆడుకొనుచుండగా, అందరియెదుట ఒంటిగా పరుగెత్తవలసిన బాలిక మనస్సు ఎట్లుండునో తలిదండ్రులకు చెప్పనక్కరలేదు. 2007లో ఆ పథకమును విరమించి, విద్యార్థులందరికిని చెందు ఆరోగ్యశిక్షణమును నెలకొల్పిరి.

మన దేశమున 2020లో ఆహార ప్రమాణముల సంస్థ చేసిన నిబంధన వేరు త్రోవను పట్టినది. కొవ్వు, ఉప్పు, చక్కెర మిక్కుటమైన తినుబండారములను బడి ఆవరణలోను, గేటునుండి 50 మీటర్లలోపల బడిపిల్లలకును అమ్మరాదు. ఇది బాలుని తూచదు, అంగడిని తూచును. అమలు మాటయో? మీ వీధిలోని బడి గేటునొద్దకు పోయి చూడుడు.

మరియొకటి. పదవ తరగతి వచ్చుటతోడనే ఆటల పీరియడు లెక్కలకు పోవుట మీరెరుగనిదా? విద్యాకమిటీలలోని పెద్దలను నేనడుగునది ఇంతియే: ఆ గంటను తిరిగి ఇప్పింపుడు. బక్కవానికిని, లావుపాటివానికిని, ఒక్క మైదానముననే.