ఇంటినుండి తెరచుకొనని వెబ్‌సైటు

దరఖాస్తు పంపుటకు గడువు నేటితో ముగియుననుకొందము. ఇంటిలోని కంప్యూటరుపై తక్కిన వెబ్‌సైట్లన్నియు తెరచుకొనుచున్నవి. కావలసిన ఆ ఒక్కటి మాత్రము రాదు. పొరుగూరి స్నేహితుని అడిగినచో “నాకు బాగుగనే వచ్చుచున్నదే” అనును. ఇట్టి సమయమున మనలో పెక్కుమంది రెండు పనులలో నొకటి చేయుదురు: మీట మరల మరల నొక్కుచు కూర్చుండుట, లేదా ఎవరో యొకరికి యంత్రమును అప్పగించుట. మొదటిదానివలన కాలము వ్యర్థమగును. రెండవదానివలన ఒక్కొక్కప్పుడు మన పాస్‌వర్డులు పరుల పాలగును. దోషమెచ్చట నున్నదో వరుసగా విచారించుట యీ రెంటికంటె మేలు.

విచారణకు ముందు మార్గము తెలియవలెను. మనము పేరు టైపు చేసిన పిమ్మట నాలుగు పనులు జరుగును. మొదటిది, ఆ పేరునకు తగిన సంఖ్య దొరకవలెను. యంత్రములు ఒకదానినొకటి గుర్తించునది ఐపీ చిరునామా అను సంఖ్యలతోనే. పేరు చెప్పిన సంఖ్యను తెలుపు ఏర్పాటునకు డీఎన్ఎస్ అని పేరు. 1983లో పాల్ మొకపెట్రిస్ దీనిని రూపొందించెను. ‘.భారత్’ అని తెలుగు లిపిలో ముగియు పేర్లకు సైతము ఇందులో చోటున్నది. రెండవది, ఆ సంఖ్యగల సర్వరువరకు దారి యుండవలెను. మూడవది, సర్వరు మనకు అనుమతి నీయవలెను. నాల్గవది, అది అసలైన సర్వరేయని నిరూపించు ధ్రువపత్రము సరిగా నుండవలెను. వీనిలో ఏది తప్పినను పుట రాదు; కాని తెరపై వచ్చు మాటలు వేరువేరుగా నుండును. కనుక ఆ మాటలను చదివి వ్రాసికొనుట మన మొదటి పని.

తరువాత పోల్చి చూడవలెను. ఫోనులో వైఫైని ఆపి, మొబైలు డేటాతో అదే సైటును తెరువవలెను. అట్లును రానిచో, దోషము బహుశః సైటుదే. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్కు సుమారు ఆరు గంటలు ప్రపంచమంతట అందలేదు. ఆ సంస్థ తన నెట్‌వర్కులో చేసిన మార్పే దానికి కారణము. ఆనాడు మన యింటి రౌటరును ఎన్నిమార్లు ఆపి వెలిగించినను ఫలమేమి? మొబైలు డేటాతో వచ్చినచో, ఈసారి ఫోనును ఇంటి వైఫైకి కలిపి చూడవలెను. అట్లును వచ్చినచో దోషము కంప్యూటరులోనిది. బ్రౌజరు దాచుకొనిన పాత పుటలను, దానికి తగిలించిన అదనపు పరికరములను, వీపీఎన్‌ను, యాంటీవైరస్‌ను ఒక్కొక్కటిగా తొలగించి పరీక్షింపవలెను. ఇంటిలో ఏ యంత్రమునను రానిచో రౌటరునైనను, దాని కావలి మార్గమునైనను శంకింపవలెను.

పేరు దొరకలేదని తెర తెలిపినచో అది డీఎన్ఎస్ దోషము. సైటు క్రొత్త సర్వరునకు మారినప్పుడు, నడుమ నున్న యంత్రములు పాత సంఖ్యనే కొంతకాలము జ్ఞాపకముంచుకొనును. అప్పుడు పాత చిరునామాకు పోయి మనము భంగపడుదుము. రౌటరులో డీఎన్ఎస్ సంఖ్యగా గూగుల్ వారి 8.8.8.8నో, క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.1నో పెట్టి చూడవచ్చును. దానితో వచ్చినచో లోపము మన సర్వీసు సంస్థవారి పట్టికలో నున్నదని నిశ్చయింపవచ్చును.

ఎంతసేపటికిని జవాబు రాలేదని తెలిపినచో దారిని చూడవలెను. విండోసులో ‘ట్రేసర్ట్’ అను ఆజ్ఞ, ప్రయాణము ఏ మజిలీవరకు సాగినదో చూపును. నడుమ కొన్ని మజిలీలు బదులు పలుకకున్నంత మాత్రమున అవి చెడినవని తలపరాదు. దారి తప్పుటయు కలదు: 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం తన దేశములో యూట్యూబును ఆపుటకై చేసిన మార్గప్రకటన వెలుపలికి ప్రాకి, సుమారు రెండు గంటలు ఇతర దేశములవారికిని ఆ సైటును దూరము చేసినది.

403 అను అంకె కనబడినచో దారి బాగుగనే యున్నది, సర్వరే నిరాకరించుచున్నది. పాత పద్ధతి ఐపీ చిరునామాలు సుమారు 430 కోట్లు మాత్రమే. అవి చాలక, పెక్కు సంస్థలు అనేక గృహములను ఒకే చిరునామా వెనుక నుంచుచున్నవి. వారిలో ఒకరు తుంటరిపని చేసినచో సైటు ఆ చిరునామానే వెలివేయును, నిరపరాధులును బాధపడుదురు. అప్పుడు మన చిరునామాను సైటు నిర్వాహకులకు తెలిపి, నిషేధము తొలగింపుమని కోరవలెను.

ధ్రువపత్రము చెల్లదనినచో ముందుగా కంప్యూటరు గడియారమును, తేదీని చూడవలెను. తేదీ తప్పినచో మంచి పత్రము కూడ చెల్లనిదిగా తోచును. 2021 సెప్టెంబరు 30న ఒక మూల ధ్రువపత్రము గడువు ముగియగా, నవీకరింపని పాత యంత్రములు పెక్కు సైట్లను నిరాకరించినవి. తేదీ సరిగానున్నను హెచ్చరిక వచ్చినచో, దానిని దాటి పోరాదు; బ్యాంకు సైటు విషయమున అసలే పోరాదు.

సర్వీసు సంస్థకు ఫిర్యాదు చేయునప్పుడు “నెట్ రావడము లేదు” అనుట చాలదు. ఏ సైటు, ఏ గంటకు, తెరపై ఏ మాటలు, మొబైలు డేటాతో వచ్చినదా లేదా అను నాలుగు సంగతులు చెప్పవలెను. ఫోను నంబరును సంస్థవారి బిల్లుపై చూచుకొనవలెను. ఓటీపీ అడిగిన వానికి చెప్పరాదు. గడువు నేడే యైనచో, మొబైలు డేటాతో దరఖాస్తు ముందు పంపివేయవలెను. దోషపరిశోధన రేపు ఉదయము తీరికగా చేసికొనవచ్చును.