పేలపిండి దానము – నేటి సేవాసంఘములు



ఇబ్రహీంపట్నము, శేరిగూడ పరిసరములలో సాగర్ రహదారి వెంట పోవువారికి గోడల మీదను, బ్యానర్ల మీదను కొన్ని మాటలు తరచుగా కనిపించును. ఉచిత నేత్ర శిబిరము, రక్తదాన శిబిరము, పేద విద్యార్థులకు పుస్తకముల పంపిణీ. ఇవి నేటి సేవాసంఘముల పనులు. వీనిని గురించి భక్తులు మమ్ములను రెండు ప్రశ్నలు అడుగుచుందురు. దేవుని సేవ ఉండగా ఈ క్లబ్బుల సేవ మనకెందుకని కొందరు. ఫొటోల కొరకు చేయునది సేవ యగునా అని మరికొందరు. మొదటి దానికి సమాధానము సులభము. రెండవది కొంత నెమ్మదిగా ఆలోచింపదగినది.

మన పెద్దలు ధర్మకార్యములను ఇష్టమని, పూర్తమని రెండుగా చెప్పిరి. యజ్ఞయాగాదులు ఇష్టము. చెరువు త్రవ్వించుట, బావి కట్టించుట, చెట్లు నాటించుట, అన్నము పెట్టుట పూర్తము. రెండును కలిసినప్పుడే ఇష్టాపూర్తములు. సప్తసంతానములలో కన్నకొడుకుతో పాటు చెరువును, వనమును, దేవాలయమును ఒకే వరుసలో చేర్చిన జాతి మనది. మన ఇబ్రహీంపట్నము పెద్దచెరువునే చూడుడు. గోల్కొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా కాలము నాటిది, అనగా పదునారవ శతాబ్దిది. కట్టించినవాడు ఏ దేవుని మ్రొక్కెనో ఆ నీరు అడుగలేదు, పొలమును తడిపినది. కనుక లోకమునకు పనికివచ్చు పని గుడి వెలుపల జరిగినంత మాత్రమున గుడికి పరాయిది కాదు.

ఈ సంఘముల పుట్టుక మన దేశములోనిది కాదు. 1905లో అమెరికాలోని షికాగో నగరమున పాల్ హారిస్ అను న్యాయవాది ముగ్గురు మిత్రులతో కూడి మొదలుపెట్టినది రోటరీ. ఒకరి కార్యాలయమున ఒకసారి, మరొకరి కార్యాలయమున మరొకసారి వంతులవారీగా కలిసెడివారు గనుక ఆ పేరు వచ్చినది. 1917లో అదే నగరమున భీమా వ్యాపారి మెల్విన్ జోన్స్ పూనికతో లయన్స్ సంఘము ఏర్పడినది. 1925లో చూపును వినికిడిని కోల్పోయిన హెలెన్ కెల్లర్ ఆ సంఘము వారి మహాసభకు వచ్చి, అంధుల పక్షమున నిలువుమని కోరెను. ఆనాటి నుండి కంటి సేవ వారికి ముఖ్య వ్రతమైనది. ఒక స్త్రీ నోరు తెరచి అడిగిన ఒక్క కోరిక నూరేండ్ల పనియైనది. మనవారు వరమడుగుట అని చెప్పునది ఇట్టిదే గదా!

ఇక పోలియో మాట. 1985లో రోటరీ వారు ఆ వ్యాధిని లోకము నుండి తొలగింతుమని పూనుకొనిరి. 1995 నుండి మన దేశమంతట పల్స్ పోలియో జరిగినది. ప్రభుత్వ సిబ్బందితో పాటు స్వచ్ఛంద సేవకులు బస్సు స్టాండులలో, రైలు స్టేషన్లలో, ఇటుక బట్టీల వద్ద నిలిచి పసిపిల్లల నోట రెండు చుక్కలు వేసి, చిటికెన వ్రేలికి సిరా గుర్తు పెట్టిరి. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాలులోని హౌరాలో వ్యాధి సోకిన చిన్నపాప మన దేశమున సహజ పోలియోకు చివరి బాధితురాలు. 2014 మార్చి 27న భారతదేశము పోలియో లేని దేశముగా ధ్రువీకరింపబడినది. మన చిన్ననాట ఊరూర కనిపించిన ఆ కుంటికాళ్ళ పిల్లలు నేటి తరమువారికి తెలియదు. ఆ సేవకులలో ఎందరి ఫొటోలు పత్రికలలో పడెను? పేర్లు ఎవరికి గుర్తున్నవి?

ఇప్పుడు రెండవ ప్రశ్న. దీనికి వ్యాసభారతములో ఆశ్వమేధిక పర్వము చివర ఒక ముంగిస సమాధానము చెప్పినది. ధర్మరాజు అశ్వమేధము ముగిసినది. దానములను అందరును పొగడుచున్నారు. అప్పుడు సగము దేహము బంగారమైన ముంగిస యొకటి కలుగు నుండి వెడలి, ఈ యజ్ఞము కురుక్షేత్రములోని పేద బ్రాహ్మణుని పేలపిండికి సాటిరాదని మనుష్యవాక్కుతో పలికెను. కరవు కాలమున ఆ బ్రాహ్మణుడు, భార్య, కొడుకు, కోడలు ఏరుకొని తెచ్చిన యవలతో పిండి చేసి నాలుగు వంతులు పెట్టుకొనిరి. తినబోవు వేళ అతిథి వచ్చెను. బ్రాహ్మణుడు తన వంతు పెట్టెను. అతిథికి ఆకలి తీరలేదు. భార్య పెట్టెను, తీరలేదు. కొడుకు పెట్టెను, తీరలేదు. ఉపవాసములతో చిక్కిన కోడలి వంతు ముట్టుటకు మామగారికి చేయి రాలేదు. ఆమెయే పట్టుపట్టి ఇచ్చినది. అప్పుడు అతిథి తృప్తి పొందెను. వచ్చినవాడు ధర్మదేవత. అచట చిందిన పిండి తగిలి ముంగిస దేహము సగము బంగారమైనది. మిగిలిన సగము కొరకు అది యజ్ఞము యజ్ఞమునకు తిరుగుచున్నది.

ఈ కథను ధనికుల దానమును తక్కువ చేయుటకు చెప్పువారు కలరు. మాకు అది సమ్మతము కాదు. ధర్మరాజు ఇంట తిన్నవారి కడుపును నిండినది. ఫొటో తీయించుకొని పెట్టిన అన్నము కూడ అన్నమే. ఈ కథలో మేము చూచునది వేరొకటి. ఆ గృహస్థు నా వంతు ఇచ్చితిని, ఇక నీ యిష్టమని అనలేదు. అతని దృష్టి తన విస్తరి మీద లేదు, అతిథి కడుపు మీద ఉన్నది.

ఈ దృష్టి లేనప్పుడు ఏమగునో మన ఇబ్రహీంపట్నము ఎరుగును. 2022 ఆగస్టు 25న ఇచటి ప్రభుత్వాసుపత్రిలో ఒకే శిబిరమున 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగినవి. తరువాత కొద్ది రోజులలో నలుగురు తల్లులు మరణించిరి. మిగిలినవారిని హైదరాబాదు ఆసుపత్రులలో చేర్పింపవలసి వచ్చినది. అది ప్రభుత్వ శిబిరము, సేవాసంఘముల శిబిరము కాదు. అయినను శిబిరమన్న మాట పలుకు ప్రతివారును ఆ నలుగురి బిడ్డలను తలచుకొనవలెను. ఎంతమందికి చేసితిమి అన్నది ఒక లెక్క. ఎంతమంది క్షేమముగా ఇల్లు చేరిరి, వారము తరువాత ఎట్లున్నారు అన్నది మరొక లెక్క. బ్యానరు మీద ఎక్కునది మొదటిదే.

కంటి శిబిరమునే తీసికొనుడు. శుక్లము తీయుట వైద్యునికి కొద్ది నిమిషముల పని. ఆ తరువాత దాదాపు నెల రోజులు వేళ తప్పక చుక్కలు వేయవలెను. కంటిలో నీరు పడరాదు. కన్ను ఎర్రబడినను, నొప్పి పుట్టినను, చూపు మసకబారినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. కొడుకు పట్నములో, కోడలు కూలికి పోవు ఇంట, చదువురాని ముసలితల్లికి ఆ సీసా మీది అక్షరములు ఎవరు చదివి చెప్పుదురు? మరల చూపించుకొను దినమున చేయి పట్టుకొని బస్సు ఎవరు ఎక్కింతురు? ఈ పనికి డబ్బు అక్కరలేదు, వైద్యము తెలియనక్కరలేదు. కోడలి వంతు అనగా ఇదియే. ఉద్యోగ విరమణ చేసినవారు ఈ ఊళ్ళలో ఎందరో ఉన్నారు. ఒక్కొక్కరు ఒక్క ముసలితల్లి బాధ్యతను నెల రోజులు వహించిన చాలును.

రక్తదానమునకును ఇదే న్యాయము. దానము చేసిన రక్తము 35 నుండి 42 దినములకు మించి నిలువ ఉండదు. ఒక పుట్టినరోజున నూరుమంది ఒక్కసారిగా ఇచ్చి, ఆపై ఏడాది మరచినచో ఆ తరువాతి నెలలలో వచ్చిన రోగికి అది అందదు. తలసేమియా గల పిల్లలకు రెండు నుండి నాలుగు వారములకొకసారి, బ్రతికినంత కాలము రక్తము ఎక్కింపవలెను. అట్టి పిల్లల కొరకు పనిచేయు సంస్థ మన రంగారెడ్డి జిల్లాలోనే, రాజేంద్రనగర్ వైపున ఉన్నది. వారికి సెలవులు లేవు. శేరిగూడలో ఇంజనీరింగు కళాశాల ఉన్నది. తరగతులు జరుగునంత కాలము యువకులకు కొదువ లేదు. వేసవిలో వారు ఇండ్లకు పోవుదురు. రక్తనిధులు వెలితిపడునదియు అప్పుడే. ఆ రెండు నెలలను ఊరివారు పూరింపవలెను.

పదునెనిమిది నుండి అరువదియైదు ఏండ్ల లోపు వయస్సు, కనీసము 45 కిలోల బరువు, ఆరోగ్యము ఉన్నవారు వైద్యుని పరీక్ష పిమ్మట రక్తము ఇయ్యవచ్చును. పురుషులు మూడు నెలలకొకసారి, స్త్రీలు నాలుగు నెలలకొకసారి. ఇష్టమున్నవారు తమ రక్తవర్గమును, వేసవిలో ఏ వారము ఊరిలో ఉందురో దానిని వ్రాసి ఇచ్చినచో, అందరును ఒకే దినమున ఇయ్యక వంతులవారీగా ఇచ్చుటకు వీలగును. ఒక్క మాట. ఉపవాసముతో రక్తము ఇయ్యరాదు. ఏకాదశి పాటించువారు ఆనాడు వెళ్ళవలదు. ద్వాదశి పారణ చేసి, బాగుగా నీరు త్రాగి, మరునాడు వెళ్ళుడు.