పొగ ఎక్కడికి పోయింది? – హైడ్రోజన్ కారు జమాఖర్చులు

(మడికొండ పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డి.ఆర్. బకాయిల గురించో, లైఫ్ సర్టిఫికెట్ గురించో మాట్లాడతానని మీరు అనుకొని ఉంటారు. వాటి మీద మాట్లాడటానికి నాకంటే సమర్థులు ఇక్కడ ఉన్నారు. నేను హైడ్రోజన్ కారు గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. సైకిలు, ఆ తర్వాత ఒక పాత స్కూటరు తప్ప సొంత వాహనం ఎరుగని రిటైర్డు గుమాస్తాకు దీనితో ఏం పని అని మీకు సందేహం రావచ్చు. కారణం మా అల్లుడు.

అతను బ్యాటరీ కారు కొందామనుకున్నాడు. నా డిపాజిట్ నుంచి కొంత సర్దుతానని నేనూ మాటిచ్చాను. ఇంతలో ఎవరో చెప్పిన మాట విని ఆగిపోయాడు. "మామా, ఇప్పుడు బ్యాటరీ కారు కొనుడు దండగంటున్నరు. ఇంకో రెండేండ్లు ఆగితే హైడ్రోజన్ కారు వస్తదట. దాని నుంచి పొగ రాదు, నీళ్లే వస్తయట. నువ్వు లెక్కలు చూసినోనివి, చూసి చెప్పు" అన్నాడు.

పక్కనే ఉన్న మా ఇంటావిడ వెంటనే ఒక ప్రశ్న వేసింది. "మరి పొగ ఎక్కడికి పోయింది?"

ఆమెకు ఆయాసం. మన మడికొండ వాళ్లకు వివరించి చెప్పనక్కర లేదు. నగరంలోని చెత్త అంతా మాయమై పోదు, బండ్లలో మన పక్కనున్న డంపింగ్ యార్డుకు వస్తుంది. అక్కడ వీధులు శుభ్రం, ఇక్కడ గుట్టలు. అవి అంటుకున్న రాత్రి మేము కిటికీలన్నీ బిగించుకొని, ఆమెను కూర్చోబెట్టి ఇన్‌హేలరు పట్టిస్తాం. అందుకే పొగ లేదంటే ఆమె ఊరికే నమ్మదు. నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్నకు జవాబే.

మన చిన్ననాటి పుస్తకాల్లో హైడ్రోజన్‌ను ఉదజని అనేవారు. ఈ కారులో పెట్రోలు ఇంజను ఉండదు. ట్యాంకులోని హైడ్రోజన్, గాలిలోని ఆక్సిజన్ ఇంధన ఘటం అనే పరికరంలో కలిసి కరెంటు పుట్టిస్తాయి. ఆ కరెంటుతో మోటారు తిరుగుతుంది. మిగిలేది నీరు. కనుక ఇదీ కరెంటు కారే, కాకపోతే కరెంటును తన లోపలే తయారు చేసుకుంటుంది. ఇంతవరకు విన్నది నిజమే.

ఇది ఊహాలోకపు బండి కూడా కాదు. టయోటా కంపెనీ మిరాయ్ అనే కారును 2014 డిసెంబరులో జపానులో అమ్మకానికి పెట్టింది. మన దేశంలో 2022 మార్చిలో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ గారు దాన్ని ప్రయోగాత్మకంగా ప్రారంభించి, అదే నెలలో అందులోనే పార్లమెంటుకు వెళ్లారు. ట్యాంకుల్లో పట్టేది 5.6 కిలోల హైడ్రోజన్. ఒకసారి నింపితే 650 కిలోమీటర్లు పోతుందని, నింపడానికి అయిదు నిమిషాలే పడుతుందని అప్పుడు చెప్పారు.

అయితే హైడ్రోజన్ బొగ్గులాగా తవ్వుకుంటే వచ్చేది కాదు. ఎక్కువగా నీటిలోనో, సహజ వాయువులోనో కలిసి ఉంటుంది. దాన్ని విడదీయడానికి ఖర్చవుతుంది. గుమాస్తా భాషలో చెప్పాలంటే, అది రాబడి పద్దు కాదు, ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మార్చిన పద్దు. మార్చిన ప్రతిసారీ కొంత కోత పడుతుంది.

కరెంటుతో నీటిని విడగొట్టి, వచ్చిన వాయువును 700 బార్ల ఒత్తిడికి కుదించి కారులో నింపడానికి, కిలోకు సుమారు 55 యూనిట్లు కావాలి. మన స్కూటరు టైరులో ఉండే ఒత్తిడి 2 బార్లు మాత్రమే అని గుర్తుంచుకుంటే ఆ 700 ఎంతో తెలుస్తుంది. 5.6 కిలోలకు 308 యూనిట్లయింది. దానితో కారు నడిచేది 650 కిలోమీటర్లు. అవే 308 యూనిట్లు బ్యాటరీ కారుకు పెడితే, యూనిట్‌కు 6 కిలోమీటర్ల చొప్పున 1,848 కిలోమీటర్లు పోతుంది. అంటే దాదాపు మూడు రెట్లు. హైడ్రోజన్ దారిలో విడగొట్టేటప్పుడు కొంత, కుదించేటప్పుడు కొంత, మళ్లీ కరెంటుగా మార్చేటప్పుడు ఇంకా ఎక్కువ పోతుంది. బ్యాటరీకి ఇన్ని మజిలీలు లేవు.

ఇక పొగ సంగతి. 650 కిలోమీటర్ల ప్రయాణానికి బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్ ఎంత వస్తుందో నేను కాగితం మీద వేసుకున్నాను. ఇవి ఉజ్జాయింపు లెక్కలు.

పెట్రోలు కారు లీటరుకు 16 కిలోమీటర్లు పోతే 40 లీటర్లు కావాలి. లీటరుకు 2.3 కిలోల చొప్పున 92 కిలోలు.

మన దేశపు గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలో వస్తుంది, ఎక్కువ భాగం బొగ్గుదే కనుక. బ్యాటరీ కారుకు 108 యూనిట్లకు 76 కిలోలు.

అదే గ్రిడ్ కరెంటుతో హైడ్రోజన్ చేస్తే 308 యూనిట్లకు 215 కిలోలు. పెట్రోలు కారుకు రెండు రెట్లు మించింది!

సహజ వాయువు నుంచి చేస్తే కిలోకు 10 కిలోల చొప్పున 56 కిలోలు. ఇది తక్కువే అనిపిస్తుంది. కానీ కుదింపు కరెంటుకు ఇంకో 20 కిలోలు కలపాలి. అప్పుడు బ్యాటరీ కారు లెక్కకే వస్తుంది. పైగా దేశం వాడే సహజ వాయువులో సుమారు సగం దిగుమతే. గ్రిడ్‌లో సౌరవిద్యుత్తు పెరిగే కొద్దీ బ్యాటరీ కారు లెక్క తగ్గుతుంది, గ్యాసు లెక్క అంతగా తగ్గదు.

కాబట్టి మా ఇంటావిడ ప్రశ్నకు జవాబు ఇది. పొగ మాయం కాలేదు. కారు వెనుక గొట్టం నుంచి భూపాలపల్లి దగ్గర చెల్పూరు పొగ గొట్టానికో, రామగుండానికో బదిలీ అయింది. ఆ గొట్టాల కింద కూడా ఇళ్లున్నాయి, ఆయాసపడే మనుషులున్నారు. ఈ మాట బ్యాటరీ కారుకూ వర్తిస్తుంది, కాకపోతే అక్కడ బదిలీ అయ్యేది మూడో వంతు.

సౌరవిద్యుత్తుతోనే హైడ్రోజన్ చేస్తే అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. అప్పుడు పొగ దాదాపు ఉండదు. కానీ ఒక హైడ్రోజన్ కారుకు కావలసిన పలకలతో దాదాపు మూడు బ్యాటరీ కార్లు నడుస్తాయి. కరెంటు కొరత ఉన్నంతకాలం ఇది దుబారా.

అలాగని హైడ్రోజన్‌ను నేను కొట్టివేయడం లేదు. మన రైతులు వాడే యూరియా వెనుక ఉన్నది హైడ్రోజనే. రామగుండంలో పాత ఎరువుల కర్మాగారం బొగ్గు నుంచి దాన్ని తీసేది. అది 1999లో మూతపడింది. దాని స్థానంలో వచ్చిన ఆర్.ఎఫ్.సి.ఎల్. 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది, సహజ వాయువు వాడుతుంది. అక్కడ హైడ్రోజన్‌కు బ్యాటరీ బదులు కాదు. 2023 జనవరిలో కేంద్రం 19,744 కోట్ల రూపాయలతో హరిత హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. ఆ శుభ్రమైన హైడ్రోజన్ ముందుగా ఎరువులకు, ఉక్కుకు, చమురు శుద్ధికి పోవాలి. బ్యాటరీ మోయలేని ఓడలకు కూడా పనికిరావచ్చు. నలుగురు కూర్చునే కారు ఆ వరుసలో చివర ఉండాలని నా అభిప్రాయం.

బ్యాటరీ కారు కూడా పుణ్యక్షేత్రం కాదు. లిథియం తవ్వకం, పాత బ్యాటరీల పారవేత ఉన్నాయి. అన్నిటికంటే మేలు బస్సు, రైలు. మనకు కాజీపేట జంక్షన్ పక్కనే ఉంది.

చివరగా ఒక హెచ్చరిక. స్కూటరుకు బిగిస్తే నీళ్లతో మైలేజీ పెరుగుతుందని ఒకతను మా ఇంటికి కిట్టు తెచ్చాడు. ఆశపడి కొన్నాను. నెల తిరక్కుండానే పాత ఇనుము వాడికి వేశాను. నీరు ఇంధనం కాదు. హైడ్రోజన్ కాలిన తర్వాత మిగిలిన బూడిద లాంటిది అది. బూడిదతో పొయ్యి వెలగదు. కనుక పిల్లలు గానీ, ఏజెంట్లు గానీ కొత్త బండి పేరుతో మీ కమ్యుటేషన్ సొమ్ము అడిగితే మూడు మాటలు అడగండి. ఈ ఇంధనం దేని నుంచి తీశారు? దానికి ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయి? నింపుకునే బంకు ఎంత దూరంలో ఉంది? కాలిఫోర్నియా వంటి చోటే షెల్ కంపెనీ 2024లో తన కార్ల హైడ్రోజన్ బంకులన్నీ మూసివేసింది. కార్లు కొన్నవాళ్లు వేరే బంకులు వెతుక్కోవలసి వచ్చింది.

మా అల్లుడు నా కాగితం రెండుసార్లు చదివి, చిన్న బ్యాటరీ కారే తీసుకున్నాడు. మిగిలిన డబ్బుతో ఇంటిమీద సౌర పలకలు పెట్టిద్దామంటున్నాడు. దానికి మాత్రం మా ఇంటావిడ ప్రశ్న వేయలేదు.

 లెక్కలో పొరపాటు ఉంటే, పాత అలవాటు ప్రకారం ఆబ్జెక్షన్ రాసి పంపండి, సరిదిద్దుకుంటాను. సెలవు.