నెహెమ్యా పని లెక్క



పోయిన ఏడాది కర్ణాటకలోని మన బస్తీలో పెన్షన్ దరఖాస్తులు నింపే శిబిరం పెట్టాం. ఒక్కో ఫారానికి 10 నిమిషాలు చాలనుకున్నాం. రెండు రోజుల్లో అందరివీ అయిపోతాయని ఆదివారం ఆరాధనలో ప్రకటించాం కూడా. తీరా కూర్చుంటే ఒక్కోటి 40 నిమిషాలు పట్టింది. ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో కన్నడంలో రాసిన ఇంకో పేరు, బాప్తిస్మపు పేరు వేరొకటి! రెండో రోజు సాయంత్రం ముగ్గురు విధవరాండ్రను మర్నాడు రమ్మని పంపేశాం. కూలి మానుకొని వచ్చిన అమ్మలు. మళ్లీ రాలేదు.

ఆ తర్వాతే నెహెమ్యా గ్రంథాన్ని పని చేసేవాళ్లుగా చదివాం. ఆయన యెరూషలేము చేరి మూడు రోజులు ఆగాడు. రాత్రివేళ కొద్దిమందితో వెళ్లి కూలిన ప్రాకారాన్ని స్వయంగా చూశాడు. అప్పటిదాకా ఎవరికీ ఏమీ చెప్పలేదు. మనం ముందు ప్రకటించి, తర్వాత చూశాం. ఈసారి ముందుగా 5 ఫారాలు గడియారం పెట్టుకొని నింపుదాం. అన్నిటికంటే ఎక్కువసేపు పట్టినదాన్ని బట్టే రోజుకు ఎందరిని పిలవాలో లెక్క వేద్దాం.

మూడో అధ్యాయాన్ని పేర్ల జాబితా అని దాటేస్తుంటాం. అది పని పంపకం. కొందరు తమ ఇంటి ఎదుటి భాగాన్నే కట్టారు. షల్లూము కుమార్తెలూ కట్టారు. తెకోవ పెద్దలు మాత్రం పనికి మెడ వంచలేదు. (అలాంటి పెద్దలు ప్రతి కమిటీలోనూ ఉంటారు లెండి.) మనమూ ఏ వీధి పని ఆ వీధి పిల్లలకే అప్పగిద్దాం.

ఐదో అధ్యాయం దగ్గర కాస్త ఆగాలి. గోడ లేస్తుండగానే జనం మొరపెట్టారు. పొలాలు తాకట్టులో ఉన్నాయి, పన్ను కట్టడానికి అప్పులు చేశారు, పిల్లలు దాసులవుతున్నారు. అప్పిచ్చింది పరాయివాళ్లు కాదు, సొంత సహోదరులే. ముందు గోడ కానివ్వండి, తర్వాత చూద్దామని నెహెమ్యా అనలేదు. సభ పిలిచి నిలదీశాడు. పొలాలూ వడ్డీ తిరిగి ఇచ్చేస్తామని యాజకుల ఎదుట ప్రమాణం చేయించాడు. అధికారిగా తనకు రావలసిన భత్యాన్ని 12 ఏళ్లు ముట్టలేదు. అయినా గోడ 52 రోజుల్లో పూర్తయింది.

మన శిబిరంలో ఫారాలు నింపిన ఇద్దరు తమ్ముళ్లు డెలివరీ పని చేసేవాళ్లు. రెండు రోజుల సంపాదన పోయిందని వాళ్లు చెప్పలేదు, మేం అడగలేదు. ఈ ఏడాది బడ్జెట్‌లో మొదటి పద్దు వాళ్ల కూలే. బ్యానరుకు డబ్బు మిగలకపోతే బ్యానరు ఉండదు.

శనివారం సాయంత్రం ఏడింటికి చర్చి గేటు దగ్గరికి రండి. ముందు ఆ ముగ్గురు అమ్మల ఇళ్లకు వెళ్దాం. కార్డులు వాళ్ల ఇంట్లోనే కూర్చొని చూద్దాం.